గుడికి నేనిచ్చిన అరవై వేలు

నిరుడు మీరు ప్రభుత్వానికి ఏమని చెప్పుకున్నారో మీకు తెలుసా? తడుముకోకండి. మీ జీతమెంత, మీకు ఇల్లుందా, ఇంటి మీద అప్పుందా, ఎవరికి ఎంత దానం చేశారు, ఇవన్నీ మీ ఆదాయపు పన్ను రిటర్నులో మీ మాటగా ప్రభుత్వానికి చేరాయి. చివర్లో "పైన రాసినదంతా నిజమని ప్రకటిస్తున్నాను" అన్న వాక్యం కూడా మీదే. దాన్ని చదివామని గుండె మీద చెయ్యి వేసి చెప్పగలిగినవాళ్లు ఈ వ్యాసం ఇక్కడే ఆపేసి హాయిగా వేరే పని చూసుకోవచ్చు. మిగిలిన వాళ్లు సిగ్గుపడకుండా దగ్గరికి జరగండి. నేనూ మీలాంటివాణ్ణే. పైగా మీకంటే పెద్ద నోరున్నవాణ్ణి కాబట్టి మీకంటే ఎక్కువ నవ్వులపాలయినవాణ్ణి.

ఆ రోజుల్లో నాకు ఇరవై ఆరేళ్లు. రాష్ట్రం రెండుగా విడిపోయిన కొత్త. మాది పులివెందుల దగ్గర గొర్రెలు మేపుకునే కుటుంబం. మా ఇంట్లో నెల జీతం అనే వస్తువును మొదట చూసినవాణ్ణి నేనే. జమ్మలమడుగులో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చిన రోజున మా నాయన ఒక పొట్టేలును కోసి బంధువులందరికీ భోజనం పెట్టాడు (ఆ పొట్టేలు నాకు ఇష్టమైనది, ఆ సంగతి వేరు). ఉద్యోగంతో పాటు నాకు ఇంకో వ్యాపకం ఉండేది. పులివెందులలో మేము పదిమంది కుర్రవాళ్లం ఒక హేతువాద చర్చా సంఘం పెట్టుకున్నాం. నెలకొక ఆదివారం ఒక కల్యాణ మండపం భోజనశాలను తక్కువ బాడుగకు తీసుకుని, సాంబారు వాసనల మధ్య మూఢనమ్మకాల మీద యుద్ధం చేసేవాళ్లం. ప్రధాన వక్త నేనే. బల్లి మీద పడితే కీడంటే "రుజువేది?" అనేవాణ్ణి. వాకిలి తూర్పుకు మార్చమన్న మేస్త్రీని "రుజువేది?" అనేవాణ్ణి. మా అక్క నిశ్చితార్థంలో పురోహితుడిని కూడా అడిగి, మా నాయన చేత చెంప మీద ఒక రుజువు తిన్నాను. బడిలో నన్ను అసలు పేరుతో పిలవడం ఎప్పుడో మానేశారు. అందరికీ నేను రుజువు సారునే.

ఇప్పుడు మా బడిలోని ఒక ఆచారం గురించి చెప్పాలి. ఏటా ఎండలు తగ్గే వేళకు ఆఫీసులో అందరికీ ఫారం పదహారు ఇచ్చేవారు. ఏడాదిలో మన జీతమెంత, అందులోంచి పన్ను ఎంత కోశారు అనేది చెప్పే కాగితం అది. దాన్ని ఎవరూ చదవరు. పద్నాలుగు మందివీ పోగుచేసి, ఏదో చీరల దుకాణం సంచిలో వేసి, రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చిపోయే మా ఉర్దూ సారుకు ఇచ్చేవాళ్లు. ఆయన ఆ సంచిని ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక సందులో ఉన్న రిటర్నుల మామ దగ్గర దించేవాడు. రిటర్నుల మామ అంటే జెరాక్సు, లామినేషను, రైలు టిక్కెట్లు, పాన్ కార్డులు, పన్ను రిటర్నులు అన్నీ ఒకే కుర్చీలో కూర్చుని నడిపించే మనిషి. ఆయన మంచి గడియ చూసుకుని, ప్రతి కాగితం మూలన పసుపు రాసి, అప్పుడు కంప్యూటరు ముట్టుకుంటాడు. ఆయన చేతిలో పడితే కోసిన పన్ను వెనక్కి వస్తుందని జమ్మలమడుగు మొత్తానికి గట్టి నమ్మకం.

నేను కొత్తగా చేరిన ఏడాది ఈ పసుపు సంగతి విని స్టాఫ్ రూములో ముప్పావు గంట ఉపన్యసించాను. కంప్యూటరుకు పసుపేమిటి, సర్వరుకు రాహుకాలమేమిటి అని నిప్పులు చెరిగాను. తెలుగు మేడం చెవులు మూసుకున్నారు. ఉపన్యాసం ముగించి, నా కాగితాన్ని కూడా అదే సంచిలో వేశాను. అయితే ఊరికే వేయలేదు. అక్కడికక్కడే రిటర్నుల మామకు ఫోను చేసి షరతు పెట్టాను.

"మామా, నా కాగితానికి మాత్రం పసుపు పెట్టొద్దు."

"అట్లే లేప్పా," అన్నాడాయన, ఏమాత్రం బాధపడకుండా. "నీకు ఉత్తదే వేస్తా."

ఫోను పెట్టేసి విజయగర్వంతో అందరి వైపూ చూశాను. నా హేతువాదం ఆ రోజుకు అంతటితో పూర్తయింది.

రెండు వారాల తర్వాత తొమ్మిదో తరగతిలో ఉన్నాను. "ఎవరు చెప్పినా సరే, పరీక్షించి చూడనిదే నమ్మకూడదు" అని నల్లబల్ల మీద రాస్తుండగా ఫోను మోగింది. "అప్పా, ఆధార్ వాళ్ల నుంచి నీ ఫోనుకు ఆరంకెలు వచ్చింటాయి, చెప్పు," అన్నాడు మామ. సుద్దముక్క చేతిలో ఉండగానే వరండాలోకి వచ్చి ఆరంకెలూ చదివాను. ఎందుకని అడగలేదు. లోపలికి వెళ్లి "నమ్మకూడదు" దగ్గర ఆగిన వాక్యానికి చుక్క పెట్టాను.

రిఫండు వచ్చింది. మామ తన వాటా తీసుకున్నాడు. మిగిలిన దానితో మా చర్చా సంఘానికి ఒక మైకు సెట్టు కొన్నాను. దానిలో మొదటి ఉపన్యాసం నాదే. విషయం: రుజువు లేని మాట చెల్లదు.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం, అన్నం క్యారియర్లు విప్పుతుండగా, మా ప్రధానోపాధ్యాయుడు హెచ్చెమ్ సారు చేతిలో ఒక కవరుతో స్టాఫ్ రూములోకి వచ్చారు. ఎల్లుండో ఆపైనో రిటైరవుతానన్నంత జాగ్రత్తగా ఎప్పుడూ అడుగులు వేసే మనిషి. ఆ రోజు మాత్రం ముఖం వెలిగిపోతోంది. కవరు బడి చిరునామాకు రావడంతో ఆఫీసు కాగితమనుకుని చించారట.

"ఏం రుజువు సారూ, గుడికి అరవై వేలు ఇచ్చినావంట. మాకు ఒక్క మాటన్నా చెప్పలేదే!"

కాగితం లాక్కుని చదివాను. నేను ఫలానా గుడి జీర్ణోద్ధరణకు అరవై వేల రూపాయలు విరాళం ఇచ్చినట్లు చూపి పన్ను మినహాయింపు పొందానట. ఆ విరాళానికి రసీదు పంపాలి. చూపింది తప్పయితే గడువు లోపల సరిచేసిన రిటర్ను వేయాలి. ఆ గుడి పేరు నేను జన్మలో వినలేదు. అరవై వేలంటే అప్పట్లో నాకు రెండు నెలల జీతం.

తెలుగు మేడం కళ్లు చెమర్చాయి. "నేను ముందే అనుకున్యా సార్. పైకి అట్ల మాట్లాడేటోల్లకే లోపల భక్తి శానా ఉంటాది."

"మేడం, నేను ఇయ్యలేదు."

"ఇంగ దాచద్దులే సార్. ఇచ్చింది మంచి పనే గదా."

"అయ్యో, నిజంగా ఇయ్యలేదు మేడం!"

"ఇయ్యలేదంటే ఎట్ల? గవర్మెంటు కాగితం. మమ్మల్నందర్నీ రుజువు రుజువని సంపుతాంటివి. ఇదో, రుజువు."

నా జీవితంలో నా ప్రశ్నకు అంత సూటి జవాబు ఎవరూ ఇవ్వలేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను కానీ హెచ్చెమ్ సారు నన్ను తన గదికి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. ఆ ముఖంలో వెలుగు పోయింది.

"చూడు నాయనా, నవ్వులాట ఆడ. ఈడ కాదు. వచ్చే నెల నీ ప్రొబేషన్ కాగితం నా టేబుల్ మీదికొస్తాది. నడవడి తృప్తికరం అని నేను సంతకం పెట్టల్ల. గవర్మెంటుకు అబద్ధం చెప్పినాడని ఇట్లాంటిదొకటి ఫైల్లో ఉండంగ ఎట్ల పెట్టేది? రసీదన్నా తే, సరిచేసిన కాగితమన్నా తే. రెండూ లేకుండా నా ముందుకు రావద్దు."

నాకు మా నాయన గుర్తొచ్చాడు. మందతో పాటు నడుస్తూ ఎదురొచ్చిన ప్రతివాడికీ "మావోడు గవర్మెంటు అయివారు" అని చెప్పుకునే మనిషి. ఆ ఉద్యోగం ఇంకా నాది కాలేదని, ఒక్క సంతకం బాకీ ఉందని ఆయనకు తెలియదు. ఆ సాయంత్రమే ఉర్దూ సారుతో కలిసి ప్రొద్దుటూరు బస్సెక్కాను. దారి పొడవునా ఆయన నన్ను ఓదార్చాడు (నిజానికి నవ్వు ఆపుకోవడానికి కిటికీలోంచి బయటకు చూశాడు. భుజాలు కదులుతుండటం నేను గమనించాను).

రిటర్నుల మామ మమ్మల్ని చూడగానే జెరాక్సు యంత్రం ఆపాడు.

"రాప్పా రుజువు సారూ! ఏంది, రిఫండు పడలేదా?"

"పడింది మామా. దాని వెనకే ఇది కూడా పడింది."

కాగితం చదివి కళ్లద్దాలు తీశాడు. "ఓ, ఇదా! దీనికోసం బస్సుఛార్జీ పెట్టుకోని వచ్చినావా?"

"ఈ గుడి యాడుంది మామా?"

"నాకేం తెలుసప్పా? నేను పోలేదు. విరాళాల లిస్టులో ఉండె, పెట్టినా."

"నా పేరు మీద గుడి ఎందుకు పెట్టినావు?"

"మల్ల ఏం పెట్టమంటావు?" ఆయన గొంతులో నిజమైన ఆవేదన పలికింది. "నీకు పెండ్లి కాలేదు. ఇల్లు లేదు. లోను లేదు. పాలసీ లేదు. ఫారమంతా ఖాళీ. ఖాళీ గడి చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటాది."

ఉర్దూ సారు ముందుకు వంగాడు. "మామా, నాకేం పెట్టినావు?"

"నీకూ అదే."

"అరే! నాక్కూడా గుడేనా?"

"మీ బడి పద్నాలుగు మందికీ ఒగటే గుడి. ఒగ ఫారం నింపి మిగతావి దాన్నే చూసి కొట్టుకుంటా పోయినా. మతం గితం పట్టింపు నాకు లేదప్పా."

ఉర్దూ సారు నవ్వు అక్కడితో ఆగిపోయింది. "ఈ సంగతి నా భార్యకు తెలిస్తే, అరవై వేలు నీకు యాడివి, ఇంట్లో ఎందుకియ్యలేదు అని పట్టుకుంటాది మామా. ఆయమ్మకు నేనేం రసీదు చూపల్ల?"

"రసీదు కావల్నా?" మామ ఉత్సాహంగా కుర్చీ ముందుకు జరిపాడు. "రేపటికి తెప్పిస్తా. సీలుతో సహా. ఇద్దరికీ."

"దొంగ రసీదా?" అని అరిచాను.

"అరవద్దప్పా, అవతల గిరాకీ ఉండారు. నువ్వే ఆలోచన చెయ్యి. నువ్వు దేవుడు లేడంటావు. లేని దేవునికి ఇయ్యని దుడ్లకు లేని రసీదు. నీకు వచ్చిన కష్టమేంది?"

మూడు మండలాల్లో పండితులతో వాదించినవాణ్ణి, ఆ తర్కం ముందు ఒక నిమిషం పాటు చేతిలోని కాగితాన్ని మడతలు పెడుతూ నిలబడ్డాను. అంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి కూడా ఒప్పుకుంటున్నాను. ఆ నిమిషంలో సగం సేపు నేను రసీదు తీసుకుందామనే ఆలోచించాను. సీలున్న ఒక్క కాగితం చాలు. హెచ్చెమ్ సారు సంతకం పెడతారు. మా నాయన మందతో నడుస్తూనే ఉంటాడు. కానీ ఊళ్లన్నీ తిరిగి రుజువు అడిగిన నేను, జీవితంలో మొదటిసారి నా వంతుగా చూపించబోయే రుజువు దొంగదవుతుంది.

"వద్దు మామా. సరిచేసింది వేస్తా. నేనే వేస్తా."

"నువ్వా!" అన్నాడాయన. "సరే, వెయ్యి. కానీ ఒగ మాటడుగుతా. నువ్వెప్పుడన్నా, ఏం రాస్తాండావు మామా అని నన్ను అడిగినావా? పసుపు పెట్టొద్దన్నావు, పెట్టలేదు. దుడ్లొస్తాయా అన్నావు, వచ్చినాయి. ఇంగేమన్నా అడిగింటే చెప్పకపోదునా?"

కోపమంతా నీరుగారిపోయి పాస్‌వర్డు అడిగాను. బడి మొత్తానికి ఒకటే: ఇంగ్లీషు అక్షరాల్లో శుభమస్తు, పక్కన నూటపదహారు. అంటే ఇన్ని నెలలుగా నా ఆర్థిక జీవితానికి తాళం ఆశీర్వచనంతో వేసి ఉంది. ఆధార్‌లో నా నంబరే ఉన్నా, పన్ను ఖాతాలో నా పేరు కింద ఉన్న ఫోను నంబరు మాత్రం ఆయనదే. దాన్ని మార్చడానికి ఆయన ఫోనుకు వచ్చిన అంకెలు నేను అడగాల్సి వచ్చింది. చెప్పే ముందు మామ ఒక్క క్షణం తటపటాయించాడు. "ఊరందరినీ ఓటీపీ అడిగినోన్ని. నన్ను అడిగినోడు నువ్వే," అంటూ అయిష్టంగా చదివాడు.

మర్నాడు ఆదివారం. హెచ్చెమ్ సారు దగ్గర తాళం తీసుకుని, బడి కంప్యూటరు గదిలో పొద్దున్నే కూర్చున్నాం, నేనూ ఉర్దూ సారూ. డిగ్రీలో క్వాంటం సిద్ధాంతం చదివినవాణ్ణి, ఫారం తెరవగానే చెమటలు పట్టాయి. నేను వ్యక్తినా, హిందూ అవిభక్త కుటుంబమా అని అడిగింది. మా ఇంట్లో భాగాలు పంచుకోలేదు కాబట్టి రెండోదే నొక్కబోయాను. "నీ జీతానికి నువ్వు ఒక్కనివే భాయ్, కుటుంబం యాడినుంచి వచ్చింది?" అని ఉర్దూ సారు చెయ్యి పట్టుకున్నాడు. ఆ ఫారం కంటే మనిషి మీద ఎక్కువ అనుమానాలున్న వస్తువును నేను చూడలేదు. టీ తాగి వచ్చేలోపు బయటికి గెంటేసేది. మళ్లీ మొదటి నుంచీ. అయితే ఫారం పదహారును పక్కన పెట్టుకుని ఒక్కొక్క గడీ చదువుతుంటే నాకు ఒక సంగతి అర్థమైంది. అందులో బ్రహ్మరహస్యం ఏమీ లేదు. కాగితం మీద ఉన్న అంకెను గడిలో వేయాలి. లేనిది వేయకూడదు. ఇంత చిన్న సంగతికి మేము పద్నాలుగు మంది చదువుకున్నవాళ్లం సంచి పట్టుకుని ఊరు దాటి వెళ్లాం.

విరాళాల గడి వచ్చింది. అరవై వేలు చెరిపి చెయ్యి ఆపాను.

"సున్నా కొట్టు భాయ్," అన్నాడు ఉర్దూ సారు. "నీకు ఇష్టమైన పనే గదా."

కొట్టాను. వెనక్కి కట్టాల్సిన సొమ్ము, దాని వడ్డీ కంప్యూటరు తానే లెక్కగట్టి చూపింది. మైకు ఖరీదు కంటే కొంచెం ఎక్కువే. (ఆ మైకులో నేను ఎంత సత్యం మాట్లాడినా, అది నడిచింది దొంగ విరాళం మీద అన్నమాట.) బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చి కట్టాను. చివర్లో ప్రకటన వచ్చింది. గొంతెత్తి చదివాను, ప్రతి మాటా. ఈసారి నా ఫోనుకు వచ్చిన ఆరంకెలను నేనే కొట్టాను. వాటిని ఎవరికీ చెప్పనక్కర్లేదు కాబట్టి ఎంత హాయిగా అనిపించిందో! నొక్కాను. అందిందన్న రసీదు తెర మీదికి వచ్చింది. ఖాళీ జేబుతో అంత తేలిగ్గా నేను ఎప్పుడూ లేను. గుండెల మీద నుంచి పొట్టేలంత బరువు దిగి వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఉర్దూ సారుది కూడా వేసి, ఇద్దరం బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాం. దుడ్లు ఆయనవే.

సోమవారం ఆ రసీదు చూసి హెచ్చెమ్ సారు దాన్ని తన చేత్తోనే నా ఫైల్లో పెట్టారు. తర్వాత నెల నా కాగితం మీద "నడవడి తృప్తికరం" అని రాసి, సంతకం కింద రెండు గీతలు గీశారు. "గుడి రసీదు తెస్తావనుకున్యా," అన్నారు మెల్లగా. "తెచ్చింటే సంతకం పెట్టేటోన్నే. కానీ రాత్రి నిద్ర పట్టేది కాదు." ఆ మాట నాకు జీతం పెరిగినంత పని చేసింది. స్టాఫ్ రూములో అందరికంటే ముందు నా దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నది తెలుగు మేడం. "సార్, నాది ఎట్ల సరిచెయ్యల్లో చెప్పు. నేను ఇయ్యకుండా ఇచ్చినానని రాసుకుంటే దేవునికి నా ముఖం ఎట్ల చూపించేది?" ఆమె కారణం ఆమెది, నా కారణం నాది. ఇద్దరం ఒకే గడిలో ఒకే సున్నా కొట్టాం. ఆనాటి నుంచీ ఆమెతో వాదించేటప్పుడు నా గొంతు కాస్త తగ్గింది.

ఆ నెల పులివెందుల సభలో ఇదంతా నేనే చెప్పుకున్నాను. ఎవరో కనిపెట్టి చెప్పేదాకా ఆగదలుచుకోలేదు. జనం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. నవ్వులు తగ్గాక, అడగనిదే ఎవరి మాటా నమ్మవద్దని, చదవనిదే దేనికీ ఒప్పుకోవద్దని బల్ల గుద్ది ముగించాను. చప్పట్లు. వేదిక దిగగానే తొండూరు నుంచి వచ్చిన ఒక రిటైర్డు ఉద్యోగి నా చెయ్యి పట్టుకున్నాడు.

"శానా బాగా చెప్పినావప్పా. ఇంగ నా రిటర్ను నువ్వే వేయల్ల. రాసుకో, నా పాస్‌వర్డు..." అని అందరి ముందూ గట్టిగా చెప్పేశాడు.

"అప్పా, ఆగు! నేను మంచోన్నని నీకు రుజువేముంది?"

"నీ మాట వింటే తెలుస్తాండ్లేదా?"

గంటసేపు మాట్లాడి నేను సాధించింది ఇది. నవ్వాలో ఏడవాలో తెలియక, ఆయనను భోజనశాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, నా ఫోనులో ఆయన రిటర్ను ఆయన చేతనే తెరిపించి, చదవమన్నాను. వేలు పెట్టి ఒక్కొక్క గడీ చదువుతూ ఆయన ఒకచోట ఆగిపోయాడు. "ఇదేందప్పా, నేను ఇంటి లోనుకు వడ్డీ కడుతాండానంట! నాకు ఇల్లే లేదు గదా. బాడుగింట్లో ఉండా!" ఆ ముఖంలో కనిపించిన ఆశ్చర్యం, కోపం, తర్వాత మెల్లగా వచ్చిన తెలివి, మూడూ నాకు బాగా పరిచయం. వాటిని కొద్ది వారాల ముందే నేను కూడా వరసగా అనుభవించి ఉన్నాను.

ఇప్పుడు ఏటా నా రిటర్ను నేనే వేసుకుంటాను. అరగంట పని. ఆ అరగంటలో ఎప్పుడో ఒకసారి, సుద్దముక్క చేతిలో పట్టుకుని వరండాలో నిలబడి ఆరంకెలు గడగడా అప్పజెప్పిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. లోకంలో అందరి నమ్మకాలనూ నిలదీసి, తన నమ్మకాన్ని మాత్రం సంచిలో వేసి పంపినవాడు. వాడిని తిట్టబుద్ధి కాదు. పక్కన కూర్చోబెట్టుకుని బజ్జీలు పెట్టించాలనిపిస్తుంది.

కానీ మీ మీద నాకు అంత జాలి లేదు. ఈ పేజీ మూసి లేవండి. మీ రిటర్నును మీ చేత్తో తెరవండి. ప్రతి గడీ చదవండి. మీరు ఇవ్వని దానం, మీకు లేని అప్పు కనబడితే గడువు దాటకముందే తీసేయండి. కట్టాల్సింది కట్టండి. ఈసారి మీ మామ ఎవరైనా ఫోను చేసి ఆరంకెలు చెప్పమంటే, నోరు విప్పే ముందు ఒక్క మాట అడగండి: "ఏం రాసినావో మొదట నాకు చదివి వినిపియ్యి మామా." వినిపించేదాకా చెప్పకండి.